వీధిలోకి కొత్తవాళ్లు వచ్చిన కథలు: పిల్లల చేతికి ఏది ముందు ఇవ్వాలి

విజయనగరంలో మా ఇంటి అరుగు మీద ఆదివారం పొద్దుటిపూట పదిహేను, ఇరవై మంది పిల్లలకు కథలు చదివి వినిపించడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఆ సంగతి తెలిసిన ఉపాధ్యాయ మిత్రులు, తల్లిదండ్రులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. జాతి పేరుతో, రంగు పేరుతో, పుట్టుక పేరుతో మనిషిని దూరం పెట్టడమంటే ఏమిటో పిల్లలకు కథలతో చెప్పాలంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఇంగ్లిషులో ఇటువంటి పుస్తకాలకు కొదవ లేదు, వాటిలో చాలావరకు అమెరికాలోని నల్లజాతివారి జీవితం చుట్టూ అల్లినవే. అయితే ఎనిమిదేళ్ల పిల్లకు సరిపోయేది పద్నాలుగేళ్ల కుర్రవాడికి ఆనదు, అతనికి తగినది ఆ పిల్లను రాత్రి నిద్రపోనివ్వదు. అందుకే నేను పిల్లల మధ్య కూర్చుని చదివి చూసిన ఐదు పుస్తకాలను పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి నప్పుతుందో, ఏది ఎక్కడ లోటు చేస్తుందో రాస్తున్నాను.

ఎంచుకునే ముందు చూడవలసినవి

అన్నిటికన్నా ముందు నేను చూసేది, కథ ఎవరి కళ్లతో నడుస్తున్నదన్నది. వెలివేతకు గురైన పిల్ల చెబితే ఒక కథ, వెలివేసిన వీధిలో పుట్టిన మంచి పిల్ల చెబితే మరొక కథ. రెండూ అవసరమే, కానీ రెండూ ఒకటి కావు. మంచి పొరుగుపిల్ల చెప్పే కథలో అవమానపడిన మనిషి తరచుగా ఆ పిల్ల మంచితనం బయటపడడానికి ఒక సందర్భంగా మాత్రమే మిగిలిపోతాడు. మన బడుల్లో వినే పిల్లల్లో ఇరువైపులవారూ ఉంటారు కనుక, ఒకే వైపునుంచి చెప్పిన కథలనే వరసగా చదివితే తరగతిలో సగం మంది తమను ఎవరో దయతో చూస్తున్నారన్న భావనతో ఇంటికి వెళతారు.

రెండవది, తప్పు ఎక్కడ ఉన్నదని కథ చెబుతున్నదో చూడాలి. ఒక్క దుర్మార్గురాలైన పక్కింటావిడ మీద భారమంతా వేసి, ఆమె వెళ్లిపోగానే వీధి బాగుపడిందని చెప్పే పుస్తకం పిల్లలను సంతోషపెడుతుంది గాని, వారికి నిజం చెప్పదు. బడి, చట్టం, బస్సు, పాఠ్యపుస్తకం, ఇంటి అద్దె, వీటన్నిటిలోనూ వివక్ష ఎలా ఇంకి ఉంటుందో ఎంతో కొంత చూపించాలి.

మూడవది ముగింపు. కొత్తగా వచ్చిన పిల్లవాడు ఏదో ఘనకార్యం చేసి, నీళ్లలో పడినవాణ్ణి కాపాడో, పందెంలో గెలిచో, అప్పుడు అందరి మెప్పూ పొందే కథలంటే నాకు భయం. మామూలు పిల్లవాడికి ఆ వీధిలో ఉండే హక్కు లేదని అవి చెప్పకనే చెబుతాయి.

ఇక భయం మోతాదు, భాష అన్నవి ఉండనే ఉన్నాయి. ఈ పుస్తకాలను మన పిల్లలకు చాలాసార్లు మనమే తెలుగులో చెబుతూ పోవలసి ఉంటుంది. వాటిలోని తిట్టుమాటలకు తెలుగులో మాట వెతుకుతూ కూర్చుంటే మన నోట ఇంకో కులం పేరో, ఇంకో హేళనో దొర్లిపోతుంది. నేను ఆ చోట ఆగి, "ఇక్కడ ఒక మాట ఉంది, మనిషిని మనిషి కాదనే మాట, దాన్ని నేను పలకను" అని చెప్పి ముందుకు వెళతాను. పిల్లలకు అది చక్కగా అర్థమవుతుంది.

| పుస్తకం, రచన, తొలి ముద్రణ | వయసు | చెప్పేది ఎవరి వైపునుంచి | వీధి చివరకు మారుతుందా | కటువుదనం |
|---|---|---|---|---|
| ది అదర్ సైడ్, జాక్వెలిన్ వుడ్‌సన్, 2001 | 6 నుంచి 9 | నల్లజాతి పాప | పిల్లలు మారతారు, కంచె ఉంటుంది | తక్కువ |
| ది స్టోరీ ఆఫ్ రూబీ బ్రిడ్జెస్, రాబర్ట్ కోల్స్, 1995 | 7 నుంచి 10 | బయటినుంచి చూసి చెప్పినది | కొంత | మధ్యస్థం |
| ది హండ్రెడ్ డ్రెసెస్, ఎలినార్ ఎస్టిస్, 1944 | 9 నుంచి 12 | ఊరుకున్న స్నేహితురాలు | ఆలస్యమైపోతుంది | తక్కువ, కానీ చాలాకాలం బాధిస్తుంది |
| ఇగ్గీస్ హౌస్, జూడీ బ్లూమ్, 1970 | 10 నుంచి 12 | పక్కింటి తెల్లపిల్ల | అరకొరగా | మధ్యస్థం |
| రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై, మిల్డ్రెడ్ టేలర్, 1976 | 12 పైన | నల్లజాతి పాప | మారదు | ఎక్కువ |

చిన్నపిల్లలకు: ది అదర్ సైడ్, రూబీ బ్రిడ్జెస్

మొదటిది బొమ్మల పుస్తకం, బొమ్మలు ఇ. బి. లూయిస్ వేశారు. ఊరి మధ్య ఒక కంచె, ఇటు నల్లజాతివారు, అటు తెల్లవారు. కంచె దాటవద్దని, అటు వెళితే క్షేమం కాదని క్లోవర్‌కు వాళ్ల అమ్మ చెబుతుంది. అటువైపు ఆనీ అనే పాప రోజూ ఒంటరిగా వచ్చి కంచె మీద కూర్చుంటుంది. దాటవద్దన్నారు గాని కూర్చోవద్దని ఎవరూ అనలేదు కదా అని ఇద్దరూ కంచె మీదే కలుసుకుంటారు. కథ అంతే. ఇందులో ఎవరూ ఎవరినీ ఉద్ధరించరు. పెద్దల మాట పూర్తిగా జవదాటకుండానే పిల్లలు కనిపెట్టుకున్న చిన్న సందు ఇది, ఆరేళ్ల పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది.

నేను దీన్ని చదివిన రోజున రెండవ తరగతి కుర్రవాడొకడు బొమ్మను వేలితో తడుముతూ, "ఈ కంచి ఎవులు కట్టినారు మాస్టారూ?" అని అడిగాడు. పుస్తకంలో దానికి జవాబు లేదు. ఈ పుస్తకం బలహీనత అదే, బలమూ అదే. నేను ఏదో చెప్పబోయేలోగా పక్కనున్న పిల్ల, "మా ఊర్లో కంచి లేదు, గెడ్డ ఉంది, గెడ్డకి అవతల పేట" అన్నది. గెడ్డ అంటే మా వైపు వాగు, పేట అంటే దళితవాడ. వంద పుటల వ్యాసం చేయలేని పనిని ముప్ఫై పుటల బొమ్మల పుస్తకం చేసిందని ఆ రోజు నాకు అనిపించింది.

రూబీ బ్రిడ్జెస్ కథ కల్పన కాదు, జరిగినది. బడుల్లో జాతిని బట్టి పిల్లలను వేరుచేయడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు న్యూ ఆర్లీన్స్ నగరంలోని విలియం ఫ్రాంట్జ్ బడి గుమ్మం చేరేసరికి 1960 నవంబరు 14 వచ్చింది. ఆరేళ్ల రూబీ ఆనాడు ఫెడరల్ మార్షల్స్, అంటే కేంద్ర ప్రభుత్వ భద్రతాధికారుల కాపలా మధ్య, కేకలు వేస్తున్న గుంపును దాటుకుంటూ బడికి నడిచింది. తెల్లపిల్లల తల్లిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించారు. బోస్టన్ నుంచి వచ్చిన బార్బరా హెన్రీ అనే ఉపాధ్యాయురాలు ఏడాది పొడవునా ఖాళీ గదిలో ఆ ఒక్క పాపకే పాఠాలు చెప్పింది. పిల్లలు ఈ పుస్తకాన్ని కళ్లు విప్పార్చుకొని వింటారు, చట్టం ఒకటి రాసినంతమాత్రాన వాకిట్లో నిలబడ్డ మనుషులు మారిపోరని తెలుసుకుంటారు.

అయినా నాకు దీని మీద ఒక అభ్యంతరం ఉంది. తనను తిట్టిన గుంపును క్షమించమని రూబీ దేవుణ్ణి ప్రార్థించడాన్ని ఈ పుస్తకం కథకు శిఖరంగా నిలబెడుతుంది. ఆ పాప అలా ప్రార్థించడం గొప్ప విషయమే. కానీ బడిలో రోజూ అవమానపడుతున్న పిల్ల ఈ కథ వింటే, కోపం తెచ్చుకోవడం కూడా తన తప్పేనేమో అనుకునే ప్రమాదం ఉంది. చదివేవారు అక్కడ ఆగి, రూబీకి కోపం వచ్చి ఉంటే అది కూడా న్యాయమేనని ఒక్క మాట చెప్పాలి. రూబీని సమర్థించినందుకు ఆమె తండ్రి ఉద్యోగం పోయిందన్న సంగతిని కూడా కలిపి చెబితే మేలు.

ఇంట్లో ఒక్క బిడ్డకు నిద్రవేళ చదివి వినిపించే తల్లిదండ్రులైతే ది అదర్ సైడ్ తీసుకోండి. ప్రశ్నలకు సమయం ఇవ్వగల తరగతి గది అయితే రూబీ కథ మేలు.

ఊరుకున్న పిల్ల కథ: ది హండ్రెడ్ డ్రెసెస్

ఈ ఐదింటిలో మన బడులకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఎనభై ఏళ్ల కిందటి ఈ చిన్న పుస్తకమే. ఎన్‌సీఈఆర్‌టీ పదవ తరగతి ఇంగ్లిషు పుస్తకంలో ఇది పాఠంగా కూడా ఉండేది. వాండా పెట్రోన్‌స్కీ పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలోని పిల్ల. రోజూ అదే వెలిసిన నీలం గౌను వేసుకొని వస్తుంది. ఇంట్లో నాకు వంద గౌన్లు ఉన్నాయని ఒకనాడు అంటుంది. అప్పటినుంచి పెగ్గీ అనే పిల్ల ఆ గౌన్ల లెక్క అడిగి నవ్వడం ఆటగా పెట్టుకుంటుంది. పక్కన నిలబడే మ్యాడీకి అది నచ్చదు. అయితే మ్యాడీ వేసుకునేవి కూడా ఇతరులు ఇచ్చిన పాత గౌన్లే, నోరు విప్పితే తరువాతి వంతు తనదవుతుందని ఆమె భయం. వాండా ఊరు విడిచి వెళ్లిపోయాక గాని, ఆ వంద గౌన్లూ ఆమె గీసిన బొమ్మలని తరగతికి తెలియదు. ఆమె తండ్రి రాసిన ఉత్తరంలో, పెద్ద పట్టణానికి వెళుతున్నామని, అక్కడ తమ పేరు విని ఎవరూ నవ్వరని ఉంటుంది.

ఇక్కడ చర్మం రంగుతో పని లేదు. వాండా కూడా తెల్లపిల్లే. పేరు పలకడం కష్టం, ఉండేది ఊరి చివర, మాట తీరు వేరు, అంతే. మన జిల్లాల పిల్లలకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పనుల కోసం హైదరాబాదుకో, విజయవాడకో, చెన్నైకో తరలిపోయిన కుటుంబాల పిల్లలు అక్కడి బడుల్లో యాస మీద ఎన్ని మాటలు పడతారో మనకు తెలుసు. రెండేళ్లు నగరంలో చదివి తిరిగివచ్చిన ఒక పిల్ల మా అరుగు మీద ఈ కథ విన్నాక, అక్కడ తను మాట్లాడడమే మానేశానని, హాజరు పిలిచినప్పుడు కూడా చేయి ఎత్తేదాన్నని చెప్పింది. సరిగ్గా ఆ మాట తరువాతే, మనమే ఇక్కడ ఎవరిని అలా చేస్తున్నామన్న ప్రశ్న అడగడానికి తగిన అదను దొరుకుతుంది. మెళియాపుట్టి, పాతపట్నం, మందస వైపు కొండల నుంచి దిగి వచ్చి వసతి గృహాల్లో ఉండి చదివే సవర తెగ పిల్లల పేరు ముందు సవర అన్న మాటే ఇంటిపేరుగా ఉంటుంది. హాజరు పట్టీ మొదటి రోజునే వారెవరో తరగతి మొత్తానికి చెప్పేస్తుంది. యాస వల్ల నగరంలో నొచ్చుకున్న పిల్ల, ఇక్కడ ఆ పేరు విని వెనక బెంచీలో నవ్విన పిల్ల, ఇద్దరూ ఒకరే కావచ్చు.

ఈ పుస్తకానికి లోటు లేకపోలేదు. వాండా మనసులో ఏముందో మనకు చివరిదాకా తెలియదు, కథ అంతా మ్యాడీ పశ్చాత్తాపం చుట్టూనే తిరుగుతుంది. వాండా బొమ్మల పోటీలో గెలుస్తుంది కనుక, నేను పైన చెప్పిన ఘనకార్యపు దోషం కొంత ఇక్కడా ఉన్నది. కానీ గెలిచిన సంగతి వినడానికి ఆమె తరగతిలో లేకపోవడం ఆ దోషాన్ని చాలావరకు కడిగివేస్తుంది. క్షమాపణ చెప్పడానికి మనిషి దొరకదు. వేధించేవారికన్నా, చూస్తూ ఊరుకునేవారే ఎక్కువగా ఉండే తరగతికి ఇంతకన్నా తగిన పుస్తకం నాకు తెలియదు.

పక్కింటివారి కాగితం: ఇగ్గీస్ హౌస్

ఇరుగుపొరుగు అన్న మాటకు నేరుగా చెందే పుస్తకం ఇది. పదకొండేళ్ల విన్నీ స్నేహితురాలు ఇగ్గీ కుటుంబంతో సహా టోక్యో వెళ్లిపోతుంది. ఆ ఇంట్లోకి డెట్రాయిట్ నుంచి గార్బర్ కుటుంబం వస్తుంది. తెల్లవారు మాత్రమే ఉండే వీధిలో వారు మొదటి నల్లజాతి కుటుంబం. విన్నీ ఉత్సాహంగా స్నేహానికి వెళుతుంది. మిసెస్ లాండన్ అనే పొరుగావిడ గార్బర్ కుటుంబాన్ని పంపించివేయాలని సంతకాలు సేకరించడానికి కాగితం పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతుంది. విన్నీ తల్లిదండ్రులు అటూ ఇటూ తేల్చరు. అమెరికాలో ఇళ్ల అమ్మకంలోను, అద్దెలోను జాతి వివక్ష చూపడాన్ని నిషేధించిన చట్టం వచ్చింది 1968లో, ఈ పుస్తకం వచ్చింది 1970లో. చట్టం వచ్చిన కొత్తలో వీధులు ఎలా ఉక్కిరిబిక్కిరి అయ్యాయో తెలియడానికి ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన చెప్పి చదవడం మంచిది.

ఇది నాకు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. కొన్నేళ్ల కిందట నా తోటి ఉపాధ్యాయుడు ఒకరు బదిలీ మీద ఇక్కడికి వచ్చినప్పుడు ఇల్లు చూడడానికి నేను కూడా తోడు వెళ్లాను. ఇంటి యజమాని ఎంతో మర్యాదగా గదులన్నీ చూపించి, కుళాయి తిప్పి నీళ్లు ఎలా వస్తాయో చూపించి, తాళంచెవి చేతికి ఇవ్వబోతూ, "ఇంతకీ మీ ఇంటిపేరేమిటి మాస్టారూ?" అని అడిగారు. మిత్రుడు చెప్పారు. తాళంచెవి మెల్లగా గోడకున్న మేకుకు తిరిగి చేరింది. మా తోడల్లుడు అడిగి ఉన్నాడు, మరిచిపోయాను అన్నారాయన. ఒక్క పరుషమైన మాట లేదు. నేను కూడా అక్కడ ఒక్క మాట అనలేదు, ఆ సంగతి ఇప్పటికీ నన్ను విడిచిపెట్టదు. మిసెస్ లాండన్ కాగితం పట్టుకొని తిరిగింది, మన దగ్గర ఆ కాగితం అవసరం కూడా ఉండదు.

ఈ పుస్తకంలోని మంచి సంగతి ఏమిటంటే, విన్నీ మంచితనాన్ని గార్బర్ పిల్లలు కళ్లకద్దుకోరు. ముఖ్యంగా హెర్బీకి ఆమె మీద అనుమానం, చిరాకు. మేము నీ సేవకు దొరికిన వస్తువులం కామన్నట్టుగా ప్రవర్తిస్తాడు. మంచి పిల్ల అనిపించుకోవాలనే ఆరాటం ఎక్కడ ఆగి, నిజమైన స్నేహం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడం పన్నెండేళ్ల పిల్లలకు ఎంతో అవసరం. అయినా కథ విన్నీ వైపునుంచే నడుస్తుంది కాబట్టి, గార్బర్ ఇంటి తలుపు లోపల ఏ మాటలు నడిచాయో మనకు వినబడదు. దుర్మార్గపు చేష్టలన్నీ ఒక్క లాండన్ మీదికే నెట్టివేసి, మిగిలిన వీధిని కొంత తేలిగ్గా వదిలివేసిందన్నది నా రెండవ ఫిర్యాదు. కనుక పలుకుబడి ఉన్న ఇళ్ల పిల్లలకు, ఇళ్లు అద్దెకు ఇచ్చే ఇళ్ల పిల్లలకు ఇది చదివించండి. పేట పిల్లలకు మొదటి పుస్తకంగా దీన్ని ఇవ్వవద్దు.

పెద్దపిల్లలకు: రోల్ ఆఫ్ థండర్

అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ పతకాన్ని 1977లో పొందిన ఈ నవల 1933 నాటి మిసిసిపీలో జరుగుతుంది. చెప్పేది తొమ్మిదేళ్ల కాసీ లోగన్. వాళ్లకు సొంత భూమి ఉన్నది, దాన్ని నిలబెట్టుకోవడమే ఆ ఇంటి పోరాటమంతా. తెల్లపిల్లల బస్సు, నడిచి వెళ్లే నల్లపిల్లల మీద బురద చిమ్ముతూ పోతుంది. బడిలో ఇచ్చే పుస్తకాలు తెల్లపిల్లలు ఏళ్ల తరబడి వాడి పారేసినవి. అట్ట లోపలి పట్టీలో ఆ పుస్తకం ఏ ఏడు ఎంత నలిగిందో, ఏ జాతి పిల్లకు ఇచ్చారో రాసి ఉంటుంది. పుస్తకం బాగా పాడయ్యాకనే అది నల్లపిల్లల పేరిట రాయబడింది. కాసీ చిన్న తమ్ముడు అది చదివి, పుస్తకాన్ని నేలకు కొట్టి తొక్కుతాడు. అదే బడిలో పాఠాలు చెప్పే వాళ్ల అమ్మ, ఆ పట్టీ కనబడకుండా కాగితం కత్తిరించి అతికిస్తుంది. పిల్లల పుస్తకాల్లో ఇంతకన్నా నిశ్శబ్దమైన ధిక్కారాన్ని నేను చూడలేదు.

తప్పు ఒక మనిషిలో లేదని, బస్సులోను, అంగడిలోను, అప్పు పద్దులోను, కోర్టులోను ఉన్నదని ఐదింటిలో ఇది ఒక్కటే పూర్తిగా చూపుతుంది. జెరెమీ అనే తెల్లపిల్లవాడు స్నేహం కోసం వెంటబడతాడు. ఆ స్నేహం ఇప్పుడు ప్రమాదమని కాసీ తండ్రి స్పష్టంగా చెబుతాడు. మంచి మనసు ఉంటే చాలన్న ఓదార్పు ఇక్కడ దొరకదు. అందుకే నేను పన్నెండేళ్లకు ముందు ఇవ్వను, ఇచ్చినా ఒంటరిగా చదువుకోమని వదిలివేయను. రాత్రిపూట దాడులు, మనుషులను కాల్చడం ఇందులో ఉన్నాయి.

భూమి చుట్టూ జరిగే హింస దూరదేశపు సంగతి అనుకునే పిల్లలకు మన ప్రాంతపు చరిత్రను కూడా చెప్పవలసి ఉంటుంది. అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలంలోని లక్ష్మీపేటలో 2012 జూన్ 12న భూమి వివాదంలో ఐదుగురు దళితులను చంపారు. తొమ్మిదవ, పదవ తరగతి పిల్లలకు ఈ నవల చదివించే ఉపాధ్యాయుడు దాన్ని దాటవేస్తే పిల్లలకు మిసిసిపీ తెలుస్తుంది గాని సొంత మండలం తెలియదు.

హార్పర్ లీ రాసిన, 1960లో వచ్చిన టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్ ఈ జాబితాలో ఎందుకు లేదని కొందరు అడుగుతారు. అది గొప్ప నవలే, కానీ పిల్లల కోసం రాసినది కాదు, నిందపడిన నల్లజాతి మనిషి అందులో ఎక్కువగా మౌనంగానే ఉంటాడు. పదిహేనేళ్లు దాటాక, లోగన్ కుటుంబం తరువాత చదవవచ్చు.

దగ్గరి కథ ఒకటి జతగా

ఐదింటిలో ఏది ఎంచుకున్నా, దానికి జతగా ఇక్కడి పుస్తకం ఒకటి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. హైదరాబాదులోని అన్వేషి సంస్థ రూపొందించిన డిఫరెంట్ టేల్స్ వరస తెలుగులోను, మలయాళంలోను, ఇంగ్లిషులోను వచ్చింది. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారి కథలు అందులో ఉన్నాయి. దళిత, ముస్లిం ఇళ్ల పిల్లలు ఆ పుస్తకాల్లో జాలిపడవలసినవారుగా కాక, వంటింట్లో, చెరువు గట్టు మీద తమ తెలివితో, తమ అల్లరితో కనబడతారు. చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకం తరువాత ఇది సరైన జోడు.

పది దాటిన పిల్లలకైతే నేను అంబేడ్కర్ తన బాల్యం గురించి రాసుకున్న ప్రయాణం చెబుతాను. అది 1901. తండ్రి పనిచేసే ఊరికి బయలుదేరిన పిల్లలు మంచి బట్టలు వేసుకొని మసూర్ స్టేషన్‌లో దిగుతారు. స్టేషన్ మాస్టరు ఆప్యాయంగా పలకరించి, ఎవరు బాబూ మీరు అని అడుగుతాడు. అంటరానివారిగా చూసే మహార్ కులంవాళ్లమని పిల్లవాడు చెప్పగానే ఆయన ముఖం మారిపోతుంది. బండివాళ్లెవరూ ఎక్కించుకోరు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకు ఒప్పుకుంటాడు, పిల్లలే బండి తోలాలి, తను పక్కన నడుస్తాడు. తిండి వెంట ఉన్నది, తాగడానికి నీళ్లు ఎవరూ పొయ్యరు, ఆ రాత్రంతా దాహంతోనే గడుపుతారు. ఇగ్గీస్ హౌస్ చదివిన వారంలోనే దీన్ని చెప్పండి, రెంటి మధ్యా ఎక్కువ రోజులు ఎడం పెట్టకండి.

మా అరుగు మీద ఇది చెప్పిన రోజున ఎనిమిదవ తరగతి పిల్ల ఒకతె స్టేషన్ మాస్టరు ముఖం మారిన చోట ఆపి, ఆయన మంచివాడే కదా మాస్టారూ, ముందు బాగానే మాట్లాడినారు కదా అని అడిగింది. నేను ఆమెకు ఆ తాళంచెవి సంగతి చెప్పాను.